ఫారిన్ హెల్మెట్

మా ఆయన బండి నడిపే తీరు గురించి చెప్పాలంటే ముందు నా కొంగు గురించి చెప్పాలి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో పిల్లర్ల చాటున ఎక్కడో ఒకచోట ట్రాఫిక్ కానిస్టేబుల్ కెమెరా పట్టుకుని నిలబడి ఉంటాడు. దూరం నుంచి ఆ తెల్లచొక్కా కనపడగానే మా ఆయన మెడ కొంచెం వెనక్కి తిప్పి, "ఫొటో కొడ్తుండు, కొంగు ఎయ్" అంటాడు. నేను కొంగు వెనక్కి జారవిడిచి నంబరు ప్లేటు కప్పాలి. హెల్మెట్ లేని ఆయన తల ఫొటోలో పడినా పరవాలేదు, బండి నంబరు మాత్రం పడకూడదు. పెళ్ళయినప్పటి నుంచి ఇది నా ఉద్యోగం. మా కాలనీలో చాలామంది ఆడవాళ్ళదీ ఇదే ఉద్యోగం, చున్నీ వేసుకునేవాళ్ళకు కాస్త సుళువు. ఆ కొంగు చక్రంలో పడితే ఏమవుతుందని ఏ మొగుడూ అడగ్గా నేను వినలేదు.

మా ఇల్లు కొత్తపేట రైతుబజారు వెనక సందులో. మాది నల్గొండ వైపు పల్లె. మా ఆయనకు దిల్‌సుఖ్‌నగర్‌లో రంగుల దుకాణం ఉంది. ఇంటికి రావాలంటే మా సందు దాటి ముందుకు పోయి యూ టర్న్ తీసుకుని రావాలి. ఆయన ఎన్నడూ అక్కడిదాకా పోడు. ముందే డివైడర్‌లో ఎక్కడో ఖాళీ చూసుకుని అవతలి వైపు దూరి, ఎదురొచ్చే బండ్లన్నిటికీ ఎదురీదుతూ వస్తాడు. పైగా వాళ్ళనే తిడతాడు. యూ టర్న్ దాకా పోయేవాడు ఎడ్డివాడని ఆయన సిద్ధాంతం. హెల్మెట్ ఒకటి ఉండేది, అది ఎప్పుడూ మోచేతికి వేలాడేది. మా ఇంట్లో మోచేతులకు ఏ లోటూ లేదు.

ఒక సాయంత్రం అట్లా ఎదురీదుతుంటే ఒక ఆటో సూటిగా మీదికొచ్చింది. ఆయన బ్రేకు కొట్టాడు. నేను పక్కకు జారి రోడ్డు మీద పడ్డాను. కళ్ళు తెరిస్తే డివైడర్ రాయి నా చెవికి జానెడు దూరంలో ఉంది. మోకాలి చర్మం లేచిపోయింది. ఆయన ముందు బండి అద్దం తడిమి చూసుకుని, ఆ తర్వాత నావైపు తిరిగి "ఏం గాలే గద" అన్నాడు.

ఆ రోజు నుంచి నాకు భయం పట్టుకుంది. బండెక్కిన ప్రతిసారీ ఆ రాయే కళ్ళముందు. నాకూ ఒక హెల్మెట్ కొనమని అడిగాను.

"ఎనక కూసున్నోళ్ళకు ఎందుకే? ముందట నేనున్న గద" అన్నాడు.

మళ్ళీ అడిగితే నా కొప్పు పట్టదన్నాడు. ఇంకోసారి అడిగితే "చూద్దాం తీ" అన్నాడు. ఆదివారం షికార్లకు కొన్న పెద్ద బండికి సైలెన్సరు మార్పించడానికి, ట్యాంకు మీద మంటల బొమ్మ వేయించడానికి ఆయనకు తీరిక దొరికేది. నా తలకు మాత్రం దొరకలేదు.

అట్లా ఉండగా భూటాన్ వచ్చిపడింది. మా ఆయనకు, ఆయనలాంటి మరికొందరు దుకాణదార్లకు పెద్ద బండ్ల గ్రూపు ఒకటి ఉంది. ఆదివారం పొద్దున్నే జాకెట్లు తొడుక్కుని విజయవాడ రోడ్డు మీద ఇడ్లీలు తినడానికి పోవడం వాళ్ళ సాహసం. ఆ గ్రూపుకు పెద్ద, కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పే ఒక సారు. గుంటూరు వైపు మనిషి. ఈసారి ఆలుమగలం బండ్ల మీద ఫారిన్ పోదామని ఆయనే మొదలుపెట్టాడు. సరూర్‌నగర్‌లో వాళ్ళ డాబా మీద మమ్మల్నందరినీ కూర్చోబెట్టి, బోర్డు పెట్టి పాఠం చెప్పాడు.

"అక్కడ రూల్స్ చాలా స్ట్రిక్టండీ. ఊరికే హారన్ కొట్టకూడదు. జీబ్రా గీతల మీద మనిషి కాలు పెడితే మనం ఆగిపోవాలి. వెనక కూర్చునే వాళ్ళకి కూడా హెల్మెట్ ఉండాలి, క్లిప్పు పెట్టుకోవాలి. లేకపోతే సరిహద్దు గేటు దగ్గరే ఆపేస్తారు. ఫారిన్ వెళ్తున్నాం, మన పరువు కాపాడుకోవాలి కదా!"

"ఇక్కడ లేదా అన్నా మనకు పరువు?" అని అడిగాను. అందరూ నవ్వారు. మా ఆయన నా మోచెయ్యి గిల్లాడు. ఒక్క సారు భార్య నవ్వలేదు. ఆమె ఈసారి రావడం లేదు, పిల్లల పరీక్షలు. అందరికీ మజ్జిగ గ్లాసులు అందిస్తూ ఉండింది.

మర్నాడే నా హెల్మెట్ ఇంటికొచ్చింది. నల్లది, మొహం నిండా మూసేది, ముందు అద్దం ఉన్నది. కొప్పు పట్టింది. ఇన్నేళ్ళూ పట్టని కొప్పు భూటాన్ పేరు చెప్పగానే ఎట్లా పట్టిందో మరి. ఆయన లేనప్పుడు బీరువా అద్దం ముందు పెట్టుకుని చూసుకున్నాను. సంతోషమేసింది, దాచుకోవడమెందుకు.

మా ఆయన తయారీ చూడాలి. మోకాళ్ళకు, మోచేతులకు దిండ్లు, చీకట్లో మెరిసే పసుపు కోటు, చేతికి తొడుగులు, చీలమండల దాకా బూట్లు, పంక్చరు సామాను, మందుల డబ్బా. బండి కాగితాలు ఎక్కడున్నాయో తెలియని మనిషి అసలు కాగితాలన్నీ వెతికి తీసి, తడవకుండా సంచీలో పెట్టి, ఆ సంచీని పొట్టకు కట్టుకున్నాడు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు, పొరుగుదేశం చట్టం అంతకంటే రుచిగా ఉంది ఆయనకు. అన్నీ కట్టుకుని కూడా, బండ్లను రైలెక్కించడానికి సికింద్రాబాద్ పోయేటప్పుడు హెల్మెట్ మోచేతికే ఉంది. "ఇంకా ఇండియానే గద" అన్నాడు.

భూటాన్ గేటుకు ఇవతల మన బజారు. హారన్ల మోత, తోసుకోవడం. గేటు కనపడగానే మా వీరులందరూ బండ్లు ఆపి, పెళ్ళికొడుకుల్లా ముస్తాబయ్యారు. క్లిప్పులు టకటకా పడ్డాయి. అక్కడి పోలీసాయన కాగితాలు చూసి, నావైపు చూసి, నా గడ్డం కింద పట్టీ వదులుగా ఉందని వేలు చూపించాడు. అంతే, మా ఆయన ఒక్క ఉదుటున బండి దిగి, "సారీ సర్, సారీ సర్" అంటూ వంగి తన చేత్తో నా పట్టీ బిగించాడు. అంత జాగ్రత్తగా ఆయన నన్ను ముట్టుకున్నది ఎన్నడో నాకు గుర్తు లేదు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అని ఊరికే అనలేదు. నాకు ఒళ్ళు మండింది.

లోపలికి పోతే రోడ్డంతా నిశ్శబ్దం. మావాళ్ళు ఒకరి వెనక ఒకరు, బడిపిల్లల్లా వరుసగా పోయారు. రాజధానిలో సిగ్నల్ దీపాలు కూడా లేవు. రంగురంగుల గూటిలో ఒక పోలీసు నిలబడి తెల్ల తొడుగుల చేతులు ఊపితే, మా దిల్‌సుఖ్‌నగర్ సింహాలు ఆ చేతిని చూస్తూ కదలకుండా నిలబడ్డాయి. అక్కడే ఒకచోట నేను నడుచుకుంటూ రోడ్డు దాటబోయి గీతల మీద కాలు పెట్టాను. వస్తున్న కారు ఆగిపోయింది. ఎందుకాగిందో అర్థం కాక వెనక్కి తగ్గాను. అయినా అది కదల్లేదు. నడిపే మనిషి నన్ను పొమ్మని చెయ్యి చూపించాడు. మొహం కూడా తెలియని మనిషి నాకోసం ఆగాడు. దాటుతుంటే నాకు ఏడుపొచ్చింది. మా ఆయన అవతలి గట్టు మీద నిలబడి పోలీసు గూటిని వీడియో తీసుకుంటున్నాడు.

తిరిగొచ్చాక ఆయన హెల్మెట్ మలక్‌పేట రాకముందే మోచేతికి దిగింది. కుక్క తోక గురించి పెద్దలు చెప్పింది కొత్తగా నేను చెప్పనక్కర్లేదు. నేను మాత్రం నాది తియ్యలేదు. రైతుబజారుకు పోయినా, గుడికి పోయినా పెట్టుకునే బండెక్కాను.

"తియ్యే, ఎవరన్న చూస్తే నవ్వుతరు" అనేవాడు.

"నవ్వనీ."

తర్వాత ఒక ఆదివారం టిఫిను తింటూ, "సార్ వాళ్ళొస్తుండ్రు. నీ హెల్మెట్ తుడిచి పెట్టు, మేడమ్‌కు ఇయ్యాలె. ఇద్దరు నేపాల్ పోతుండ్రు" అన్నాడు.

"నాది ఎందుకియ్యాలె?"

"ఇక్కడ నీకు దాంతోటి ఏం పనే? ఫారిన్ పోయేటప్పుడే గద కావాల్సింది. మిగతా ఆడోళ్ళు కిరాయికి తెచ్చుకున్నయి వాపసిచ్చిండ్రు. ఆడోళ్ళకు ఒక్కటుంటె అందరికి తిరుగుతది. సార్ ఐడియానే."

మగవాళ్ళందరికీ ఎవరిది వాళ్ళకుంది. ఆడవాళ్ళ తలలన్నిటికీ కలిపి ఒక్కటి. పెళ్ళిళ్ళకు తిప్పే పెద్ద గుండిగలాగా, అవసరమైనప్పుడు ఇంటింటికీ తిరుగుతుందన్నమాట. డిగ్రీలున్న మగవాళ్ళు, దుకాణాలు నడిపేవాళ్ళు కూర్చుని ఆలోచించి తేల్చిన లెక్క ఇది. లోపలికి పోయి హెల్మెట్ పెట్టుకుని, పట్టీ గట్టిగా బిగించి, స్టవ్ మీద చాయ్ పెట్టాను.

బెల్లు మోగితే నేనే పోయి తలుపు తీశాను. గుమ్మంలో సారు, ఆయన భార్య. నన్ను చూసి సారు ఒకడుగు వెనక్కి వేశాడు.

"ఏంటి చెల్లెమ్మా, గ్యాస్ గానీ లీకవుతోందా?" అని నవ్వాడు.

"లేదన్నా, కూసోండ్రి." కప్పులు తెచ్చి ఇద్దరి చేతికీ ఇచ్చాను. మా ఆయన మొహం కందగడ్డయింది.

"తియ్యే. పరువు తియ్యకు" అన్నాడు గొంతు తగ్గించి.

హెల్మెట్ అద్దం పైకెత్తాను. "గేటుకాడ పోలీసాయన ఏలు చూపిస్తే నీ చేత్తోని పట్టీ పెట్టినవ్. నేను ఇన్నేండ్ల నుంచి అడుగుతున్న, నాకెందుకు పెట్టలే? తల నాది. ఇది నేనెవ్వరికి ఇయ్య."

సారు తన హెల్మెట్‌ను ఒళ్ళో పెట్టుకుని దాని మీద వేళ్ళతో తాళం వేస్తున్నాడు. ఆయన భార్య జుట్టు బండి మీద వచ్చేసరికి గాలికి రేగి ఉంది. ఆమె ఆయన ఒళ్ళోకి చూసింది, నా తల వైపు చూసింది, రేగిన జుట్టు చెవి వెనక్కి దోపుకుంది.

"పోనీలేండి, ఇంకెవరి దగ్గరైనా చూద్దాం. ట్రిప్పుకి ఇంకా టైముందిగా" అన్నాడు సారు.

ఆమె చాయ్ కప్పు కింద పెట్టేసింది.

"ట్రిప్పు సంగతి కాదండీ. ఇప్పుడు ఇంటికెళ్ళాలి కదా, నా తలకేదీ?"