రత్నమ్మ మాత్రలు

ఏళ్ల తరబడి ఒక అబద్ధం మోస్తున్నాను. ఇప్పుడు దించకపోతే నాతోపాటే మట్టిలోకి పోతుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

డెబ్బైల చివర్లో ఆళ్లగడ్డలో సైన్సు మాస్టర్ని. నా భార్య రత్నమ్మకు చిన్నప్పటి కీళ్ల జ్వరం వల్ల గుండె వాల్వు చెడితే, మద్రాసులో కొత్తది వేశారు. చిన్న లోహపు పంజరం, అందులో ఒక బంతి. పక్కన కూర్చుంటే టక్కుటక్కుమని వినిపించేది. బంతికి కొట్టుకుని నెత్తురు కణాలు కొన్ని పగులుతాయనీ, దాని చాటున నెత్తురు నిలిచి గడ్డ కడుతుందనీ, అందుకే పలచబరిచే మాత్ర జీవితాంతం మానకూడదనీ డాక్టరు విడమరిచి చెప్పాడు. కళ్లు పచ్చబడితే వెంటనే తీసుకురమ్మన్నాడు కూడా.

పచ్చబడ్డాయి. కామెర్లని నేనే తేల్చేశాను. తెలియక చేశానా? కణాలు పగిలినా కళ్లు పచ్చబడతాయని తెలియకపోయిందనుకుందాం, రమ్మన్న మాట తెలుసు కదా? సెలవు లేదన్నది సాకు. మద్రాసు తిరిగి తిరిగి విసిగిపోయాను, అదీ నిజం. శిరివెళ్ల దగ్గర పసరు పోసే ఆయన దగ్గరికి తీసుకుపోయాను. పసరు తాగినన్నాళ్లు ఇంగ్లీషు మాత్రలు ముట్టొద్దన్నాడాయన.

“మాత్రలు ఆపమంటాండాడే. ఏమన్నా అయితాదేమో,” అంది రత్నమ్మ.

“ఏం గాదులే. నేను చెప్తాండా గదా.”

“సరే. సదువుకున్నోడివి, నీకు తెలీదా,” అంది.

పసరు ఇంకా పూర్తికాలేదు, పొయ్యి దగ్గరే ఒరిగిపోయింది. నోరు, కుడిచెయ్యి పడిపోయాయి. నంద్యాల ఆసుపత్రిలో డాక్టరు, గడ్డ మెదడుకు పోయిందని చెప్పి, మాత్రలు మానేసిందా అని అడిగాడు. పక్కనే మా అత్త శాంతమ్మ, రత్నమ్మ తల్లి. పసరు సంగతి ఆమెకు తెలియదు. ఈమే మరిచిపోయినట్టుంది సార్, అన్నాను. మంచం మీద రత్నమ్మ విన్నది. నా వైపు చూసింది. మాట రాలేదు. ఇక ఎప్పుడూ రాలేదు.

తర్వాత కొత్తరకం వాల్వులొచ్చాయని విన్నాను. పంజరం లేదు, బంతి బదులు తలుపులా వాలి తెరుచుకునే బిళ్ల, నెత్తురు సాఫీగా పోతుందట. ఎంత సంబరపడ్డానో. పలకరించడానికి వచ్చినవాళ్లకల్లా ఆ పాత బంతిదే తప్పని కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పేవాణ్ణి. నా చదువు అందుకు బాగా పనికొచ్చింది.

శాంతమ్మత్త ప్రతి ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక నంద్యాల నుంచి బస్సులో వచ్చేది. కూతురికి తల దువ్వుతూ, “మాత్ర మింగేది గూడా గుర్తుపెట్టుకోలేకపోతివి గదే,” అని తిట్టి ఏడ్చేది. అప్పుడు రత్నమ్మ నన్నే చూసేది. కోపంగా చూసినా భరించేవాణ్ణి. చెప్తావేమోనని ఎదురుచూసినట్టు చూసేది. నేను కిటికీలోంచి బజారు చూసేవాణ్ణి. ఎందుకు చెప్పలేదు? ఉద్యోగం పోతుందనా, జైలనా? కాదు. ఆ ముసలామె ముందు తల ఎత్తుకోలేనని, అంతే.

రత్నమ్మ పోయింది. సమాధి దగ్గర కూడా తల్లి అదే మాట అంది. తర్వాత ఆమె కూడా పోయింది, బిడ్డ మీద ఆ నింద నమ్ముతూనే.

క్షమించమని అడగను. అడగడానికి వాళ్లు లేరు. ఒక్కసారి రాసి చూసుకోవాలనుంది.

శాంతమ్మత్తా, నీ బిడ్డ మరిచిపోలేదు. నేనే మాన్పించాను.