బియ్యం డబ్బాలో వేపాకు

నిన్న బియ్యం డబ్బా మూత తీయగానే ఎండు వేపాకు వాసన గుప్పుమంది. ధూల్‌పేట్‌లోని మా పాత వంటిల్లు గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు పక్కింటి పిల్లకు అమ్మవారు పోసిందని వాళ్ల గుమ్మానికి వేపమండలు కట్టారు. అటు పోతే మనకూ అంటుకుంటుందని అమ్మ హెచ్చరించింది. మర్నాడు ఆమే మా అలమారాలోని బియ్యంలో వేపాకు కలుపుతోంది! అమ్మవారు మా ఇంటికీ వచ్చేసిందనుకుని అరిచాను.

"అమ్మా, అందుల చెయ్యి పెట్టకు!"

"బియ్యానికి పురుగులు పట్టినయి బిడ్డా, గందుకే ఏసిన. ఫికర్ చెయ్యకు."

నేను నమ్మలేదు. అమ్మ ముద్ద కలిపి పెట్టబోతే నోరు తెరవకుండా, పొక్కుల కోసం ఆమె చేయి తిప్పి చూశాను. వేళ్ల నుంచి మోచేతి దాకా ఎర్రటి మచ్చలు! భయంతో ఏడుపందుకున్నాను.

అవన్నీ పెనం కాల్చిన మచ్చలని, నేను వంట మొదలుపెట్టాకే అర్థమైంది.