పిల్లి కోసం చెప్పిన సాక్ష్యం

తొంభైలలో మేము తమిళనాట పెరంబూరు రైల్వే క్వార్టర్సులో ఉండేవాళ్లం. మా తెలుగు క్రైస్తవ సంఘంలో స్త్రీలు కొబ్బరినూనెలో కర్పూరం కరిగించి, నీలగిరి తైలం కలిపి, దురదలకూ గజ్జికీ ఒక మందు తయారుచేసేవారు. ఆరాధన ముగిశాక మా పాస్టరయ్య ఆ సీసాల మీద చేతులుంచి ప్రార్థించేవారు. అప్పటినుంచి అది ప్రార్థన నూనె. పూసుకుంటే దానంతట అది ఇంకిపోవాలి. తుడిస్తే, కడిగితే అవిశ్వాసం కింద లెక్క.

మా అవ్వ పిల్లికి మెడ మీద పుండ్లు లేచి బొచ్చు రాలిపోయింది. తాత పోయాక అవ్వ మంచం మీద తోడుగా పడుకునేది అదొక్కటే. ఒక శనివారం ఉదయం అవ్వ దానికి మెడ నుంచి తోక దాకా ప్రార్థన నూనె పట్టించి, ఒళ్లో పెట్టుకుని కీర్తన పాడింది.

పిల్లి ఒళ్లు నాక్కుంది. నాక్కోకుండా ఉంటే అది పిల్లే కాదు. కాసేపటికి నోటి వెంట చొంగ కారింది. వెనక కాళ్లు తడబడ్డాయి, ఒళ్లంతా వణుకు. నేను గోరువెచ్చని నీళ్లు, సబ్బు తెచ్చేసరికి అవ్వ అడ్డం వచ్చింది.

"ఏమే, ప్రార్థన చేసిన నూనెనే కడుగుతావా?"

"అవ్వా, అది నాకతా ఉండాది. పూసిందంతా కడుపులోకి పోతాండాది."

"అయ్యగారిని అడగకుండా చెయ్యి పెట్టొద్దు!"

"అయ్యగారు వచ్చేలోగా ఈడ పిల్లి ఉండదు. పట్టుకో అవ్వా!"

నాకూ భయం లేకపోలేదు. కానీ జలప్రళయంలో ఓడలోకి మనుషులతోపాటు జంతువులను కూడా ఎక్కించిన దేవుడిని నాకు నేర్పింది ఆ సంఘమే. కాపాడు తండ్రీ అంటూనే సబ్బు రుద్దాను. అవ్వ ఏడుస్తూ చెంబుతో నీళ్లు పోసింది.

తువ్వాలులో చుట్టి, ఆటోలో పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరమ్మ సీసా వాసన చూసి, మనిషి చర్మానికి మేలుచేసే కర్పూరం, నీలగిరి తైలం పిల్లికి విషమని తమిళంలో చెప్పింది. చెట్టు నుంచి వచ్చినదైనా సరే, దాని కాలేయం అరిగించుకోలేదట. నాలుక మీదుగానే కాదు, చర్మంలోంచి కూడా ఒంట్లోకి ఇంకుతుందట. పుండ్లు బొచ్చులో దాగిన పురుగుల వల్ల వచ్చినవట. వాటికి వేరే మందు ఉంది. వెంటనే కడగడం మంచిదైంది అంటూ సెలైన్ ఎక్కించింది.

సాయంత్రానికి పిల్లి నాలుగు కాళ్ల మీద నిలబడి, సూది గుచ్చిన ఆ డాక్టరమ్మ మీదే బుస్సుమంది. అవ్వ వరండాలోనే మోకరించింది.

మర్నాడు ఆరాధనలో, దేవుడు చేసిన మేళ్లు లేచి చెప్పుకునే సాక్ష్యాల వేళ నేను లేచాను. వెనక ఎవరో, "పిల్లికి గూడా సాక్ష్యమా పాపా?" అన్నారు. అందరూ నవ్వారు. నేను ఆగలేదు, కడిగిన సంగతితో సహా అంతా చెప్పాను. నవ్వులు ఆగిపోయాయి. అందరూ పాస్టరయ్య వైపు చూశారు.

"ప్రార్థించింది నేనే," అన్నారాయన. "పిల్లికని నాతో ఎవురమ్మా చెప్పినారు? కడిగి మంచి పని చేసినావు."

సంఘంలో ఎన్నడూ నోరు విప్పని మా అవ్వ అప్పుడు లేచి నిలబడింది.

"అమ్మల్లారా, ఇండ్లల్లో పిల్లులుంటే ఈ నూనె పుయ్యబాకండి. పొరపాటున తగిలితే కడిగెయ్యండి. కడిగే బుద్ధి ఇచ్చింది గూడా ఆ దేవుడే!"

పక్క హాలులో ఆరాధించుకుంటున్న తమిళ సంఘంవాళ్లు పాట ఆపి మా కిటికీలోంచి తొంగిచూసేంత గట్టిగా హల్లెలూయ అన్నాం.