గురవయ్య శెట్టి దోసిలి

కొత్త కుండలో మొదటిసారి నీళ్లు పోసినప్పుడు ఒక వాసన వస్తుంది. వాన పడ్డప్పటి మట్టివాసన కాదు. కాలిన మట్టి తన దప్పిక తాను తీర్చుకునేటప్పటి వాసన. ఈ ఎండాకాలం మొదట్లో ప్రొద్దుటూరులో మా వీధికి కుండల బండి వస్తే, మా ఆవిడ ఒకటి కొని, కడిగి, వాకిట్లో నీళ్లు నింపి పెట్టింది. పేపరు చదువుకుంటున్న నాకు ఆ వాసన తగలగానే అక్షరాలు కనిపించడం మానేశాయి. అంతకు రెండు రోజుల ముందే గురవయ్య శెట్టిగారి మనవడు నాకొక కాగితం పంపాడు. తాతగారు పోయి పదేళ్లవుతోందని, ఆయన మీద చిన్న పుస్తకం వేస్తున్నామని, ఆయన దగ్గర ఎక్కువ కాలం పనిచేసింది నేనే కాబట్టి తప్పులుంటే దిద్దమని అడిగాడు. అందులో ఇలా ఉంది: "తాతగారు జీవితాంతం మడి తప్పలేదు. తన చలిపందిట్లో సైతం పదిమంది తాగే గ్లాసును ముట్టక, దోసిలితోనే నీళ్లు తాగేవారు."

ఆయన దోసిలితో తాగిన మాట నిజం. మడి మాట అబద్ధం. ఆ అబద్ధం ఊళ్లో పుట్టడానికి కారణం నేను. ఇరవై ఎనిమిదేళ్లుగా దాన్ని వింటూ, తల ఊపుతూ ఊరుకున్నాను. ఇప్పుడు దిద్దమని కాగితం నా చేతికే వచ్చింది.

నాకప్పుడు ఇరవయ్యారేళ్లు. జమ్మలమడుగు దగ్గర పల్లె మాది. పెళ్లయిన కొత్తలో ప్రొద్దుటూరు వచ్చి, శెట్టిగారి బట్టల కొట్లో గుమాస్తాగా చేరాను. ఉగాది వెళ్లిందంటే చాలు, కొట్టు ముందు కొబ్బరి మట్టల పందిరి లేచేది. దాని కింద ఇసుక పోసి, నాలుగు పెద్ద బానలు సగం దాకా పాతి, చుట్టూ తడి గోనెపట్టాలు కప్పేవాళ్లం. తొలి వాన పడేదాకా మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా శెట్టిగారే అక్కడ ముక్కాలిపీట వేసుకుని కూర్చునేవారు. ఆ వేళలో ఎంత పెద్ద బేరం వచ్చినా లోపలికి పోయేవారు కాదు. చేరిన మొదటి ఎండాకాలం నన్ను పక్కన నిలబెట్టుకుని, "నీళ్లు పోసేది నేర్చుకోవల్లంటే శానా రోజులు పడతాది, చంద్రా" అన్నారు.

నాకు నవ్వొచ్చింది. "నీళ్లు పోసేదాంట్లో నేర్చుకునేదేముందయ్యా?"

"ఉంది. యా ఊరని అడగొద్దు. ఎవురని అడగొద్దు. మొగం గూడా చూడొద్దు. గొంతు చూడు. ఆడ ముడి కదుల్తా ఉంటాది. అది నిలిచేదాకా ఇంకో గ్లాసు తయారుగా పెట్టుకో."

వచ్చినవాళ్లందరికీ అవే నాలుగు ఇత్తడి గ్లాసులు. రెండు కాగానే వాటిలోనే ఒకదాంతో తానూ తాగి, కడిగి బోర్లించేవారు. ఇది నచ్చనివాళ్లు ఉండేవారు కానీ ఎదుట అనేవాళ్లు తక్కువ. పక్క కొట్టాయన మాత్రం రోజూ ఏదో ఒకటి తగిలించేవాడు. "ఏం శెట్టీ, గుడికి రావు, జపం జేయవు. ఈడ కూచోని ఊరందరికీ నీళ్లు తాపుతాండావు. రేపు పైకి పోయినాక ఏం చూపిస్తావు?"

"నా జపం వీళ్లే జేస్తాండార్లేప్పా" అన్నారు శెట్టిగారు, గ్లాసు నింపుతూనే.

అది ఎగతాళి మాటని నేననుకున్నాను. చాలా రోజుల తర్వాత అడిగితే చెప్పారు. తాగేవాడి గొంతు ఒకసారి కదిలితే ఆయన లోపల ఒకసారి దేవుడి పేరు తలుచుకుంటారట. "నేను కండ్లు మూసుకోని కూచుంటే మనసు కొట్లోకి పోతాది, చంద్రా. చీరలు మడతేస్తాంటాది. ఎదురుగా దప్పికైన మనిసి తాగుతాంటే యాడికీ పోదు." ఆ తర్వాత ఎందరో పెద్దల ప్రవచనాలు విన్నాను. మనసు నిలిపే సంగతి ఇంత తేలిగ్గా చెప్పినవాళ్లు నాకు కనిపించలేదు.

రోజూ ఒంటిగంటకు ఓబులమ్మ వచ్చేది. మున్సిపాలిటీలో మురికి కాలవలు తీసే పని. నలభై ఐదేళ్లుంటాయి. పార గోడకు ఆనించి, చేతులు కడుక్కుని, గ్లాసు పెదవికి ఆనించుకుని గుక్కకొకటి చొప్పున మూడు గ్లాసులు తాగేది. మధ్యమధ్యలో శెట్టిగారిని ఆటపట్టించేది.

"ఏం శెట్టీ, ఈ పొద్దు నీళ్లు ఎచ్చగుండాయే. కుండకు జొరమొచ్చిందా?"

"నీ నోటి మంటకు కుండ గూడా కాగిందిమ్మే" అనేవారాయన.

ఆమె నవ్వు సందు మలుపు దాకా వినిపించేది. ఇంటర్ చదివే కూతురు సుశీల సెలవుల్లో ఒక్కోరోజు తల్లితో వచ్చేది. తల్లి నవ్వుకు సిగ్గుపడి తల దించుకునేది.

రెండో ఎండాకాలంలో శెట్టిగారు చెల్లెలి ఇంటి గృహప్రవేశానికి పులివెందుల వెళ్లారు. మూడు రోజులు పందిరి నాది. మొదటి రోజే బాగా బట్టలు కొనే రైతొకాయన కొట్లోంచి బయటికొచ్చి, బోర్లించిన గ్లాసుల వైపు చూసి, "ఏందప్పా ఇది, కాలవలు తీసేవాళ్లు తాగిన గ్లాసుతోనే మేమూ తాగల్లనా?" అన్నాడు. తప్పు ఆయన మీదికి తోసెయ్యను. ఆయన అడిగిందొక మాట, నేను చేసింది మరొకటి. మా జేజి, మా నాయన తల్లి, పల్లెలో పెరటి గోడ మీద ఒక ముంత వేరుగా పెట్టేది. పనికొచ్చినవాళ్లకు దాంతో ఎత్తు నుంచి దోసిట్లోకి పోసేది. నీటి చుక్క తన కాళ్ల మీద పడకుండా ఆమె వెనక్కి జరిగే తీరు చూస్తూ పెరిగాను. ఆ విద్య నాకు ఎవరూ నేర్పక్కర్లేదు, చేతిలోనే ఉంది. గ్లాసులు నా వెనక పెట్టుకున్నాను. పొడుగు పిడి గరిటె ఒకటి తెప్పించాను. మనిషిని చూసి గ్లాసు ఇవ్వడం, మనిషిని చూసి గరిటె వంచడం మొదలుపెట్టాను. గొంతు చూడమన్న మాట మరిచి, మొగాలు చూశాను.

రెండో రోజు ఒంటిగంటకు ఓబులమ్మ వచ్చింది. వెంట సుశీల ఉంది. గ్లాసు కోసం చెయ్యి చాపితే నేను గరిటె ఎత్తి, "దోసిలి పట్టు" అన్నాను.

ఆమెకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. తర్వాత మెల్లగా దోసిలి పట్టింది. నేను పోశాను. నిండింది. ఆమె తాగలేదు. నా మొగం చూస్తూ వేళ్లు విడదీసింది. నీళ్లు ఇసుకలోకి ఇంకిపోయాయి.

"శెట్టి చెప్పినాడా?" అంది.

కాదని ఒక్క మాట అంటే సరిపోయేది. కూతురు చూస్తోంది. లోపల బేరాలాడేవాళ్లు చూస్తున్నారు. నాకు నా పరువు గుర్తొచ్చింది.

"ఆ, శెట్టే చెప్పినాడు" అన్నాను.

ఆమె పార తీసుకుంది. "పా సుశీలా" అని వెళ్లిపోయింది.

శెట్టిగారు తిరిగొచ్చారు. గ్లాసులు మళ్లీ ముందుకొచ్చాయి. ఓబులమ్మ రాలేదు, ఆమె వీధివాళ్లు ఒక్కరూ రాలేదు. నాలుగు రోజులు చూసి, "ఏమైంది చంద్రా?" అని అడిగారు. ఎండలు ముదిరాయని రావడం లేదేమో అన్నాను. ఎండలు ముదిరితే దప్పిక తగ్గుతుందా అని ఆయన అడగలేదు. అయిదో రోజు పందిరి నాకు అప్పగించకుండా మూసేసి, నన్ను వెంటబెట్టుకుని వాళ్ల వీధికి నడిచారు.

ఓబులమ్మ గడపలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. లేవలేదు.

"రావడం మానుకుంటివే ఓబులమ్మా?"

"నీళ్లకేం కరువు శెట్టీ? కొళాయుంది. అది నన్ను దోసిలి పట్టమనదు."

"ఎవురన్న్యారమ్మా దోసిలి పట్టమని?"

ఆమె గడ్డంతో నన్ను చూపించింది. "నువ్వే చెప్పినావంట గదా. నీ గుమాస్తాను అడుగు, పక్కనే ఉండాడు."

శెట్టిగారు నా వైపు తిరిగారు. నేను నా చెప్పులు చూసుకుంటున్నాను. చివరికి ఆయనే ఆమెకు చేతులు జోడించి, "నా పందిట్లో జరిగింది. తప్పు నాదే తల్లీ" అన్నారు.

"ఒక్కరోజు నువ్వు దోసిలి పట్టి తాగి చూడు శెట్టీ, తెలుచ్చాది" అంది ఆమె, బియ్యంలోంచి తలెత్తకుండా.

మరుసటి రోజు రెండు గంటలప్పుడు, రోజూ తాను గ్లాసుతో తాగే వేళకు, శెట్టిగారు పీట మీద నుంచి లేచి పందిరి బయట ఎండలో నిలబడ్డారు. నన్ను గరిటె తెమ్మన్నారు. వంగి దోసిలి పట్టి, "పొయ్యి" అన్నారు. నేను గరిటె వంచితే సగం నీళ్లు ఆయన పంచె మీద పడ్డాయి. ఆమె చెప్పింది ఒక్కరోజు. ఆయన పోయేదాకా, అంటే పద్దెనిమిది ఎండాకాలాలు, ఆ పందిట్లో అట్లాగే తాగారు. అందరికీ గ్లాసు, ఆయనకు దోసిలి.

ఊరు దాన్ని ఊరికే వదల్లేదు. పక్క కొట్టాయన పది మందిలో, "ఇన్నాళ్లకు బుద్ధొచ్చిందప్పా శెట్టికి. మడి గట్టుకున్న్యాడు" అని మెచ్చుకున్నాడు. ఆయన చేసుకుంటున్న ప్రాయశ్చిత్తం, నేను ఆడిన అబద్ధానికే సాక్ష్యమై కూర్చుంది. శెట్టిగారు ఎవరికీ చెప్పుకోలేదు. నన్ను కొట్లోంచి తీసెయ్యలేదు, ఒక్క మాట అనలేదు. రెండేళ్ల తర్వాత తట్టుకోలేక, "అయ్యా, ఆ రోజు ఓబులమ్మతో..." అని మొదలుపెడితే చెయ్యి అడ్డం పెట్టారు.

"నాకెందుకు చెప్తాండావు? నాకు తెలుసు. తెలియాల్సినోళ్లకు చెప్పు."

చెప్పలేదు. ఆ వీధిలో ఎన్నోసార్లు ఓబులమ్మ ఇంటి మలుపు దాకా పోయి, ఏదో పని గుర్తొచ్చినట్టు వెనక్కి వచ్చేవాణ్ని. తర్వాత ఆ కుటుంబం ఊరు మారింది. శెట్టిగారి సంతాపసభలో ఒక పెద్దమనిషి ఆయన మడిని పొగిడితే, ముందువరసలో కూర్చుని అందరితోపాటు చప్పట్లు కొట్టాను.

మనవడి కాగితం మడిచి జేబులో పెట్టుకుని, పోయిన ఆదివారం జమ్మలమడుగు బస్సెక్కాను. సుశీల అక్కడ నర్సుగా పనిచేస్తోందని తెలుసుకున్నాను. తలుపు తీసిన మనిషికి తల్లి కళ్లే ఉన్నాయి. నన్ను గుర్తుపట్టింది. ఓబులమ్మ పోయి నాలుగేళ్లయిందని చెప్పింది. నిలబడే అంతా చెప్పాను. గ్లాసులు దాచింది ఎవరో, అబద్ధమాడింది ఎవరో, శెట్టిగారి దోసిలి ఎందుకో.

"మాయమ్మ ఒకసారి ఆ దోవన పోతా చూసింది, శెట్టి దోసిలితో తాగేది" అంది చివరికి. "ఇంటికొచ్చి, 'చూడు, మనం తాకినామని గ్లాసు గూడా ఇడిసిపెట్న్యాడు' అనింది. సచ్చేదాకా తిట్టింది. ఆ తిట్లన్నీ నీకు రావాల్సినేవి, అన్నా."

"అవును."

"ఇప్పుడు నాకు చెప్తే మాయమ్మకు యినపడతాదా?"

జేబులోంచి మనవడి కాగితం తీసి, పుస్తకం సంగతి చెప్పాను. ఆమె అది చదివి తిరిగి నా చేతికిచ్చింది. "రాయి. ఆ పుస్తకంలోనే రాయి. కాలవలు తీసే ఆడమనిసి అని రాయొద్దు. పేరు రాయి."

అందుకే ఆ వాక్యం కొట్టేసి ఇది రాసిచ్చాను: గురవయ్య శెట్టికి మడి లేదు. గుమాస్తా చంద్రశేఖర్ ఓబులమ్మను అవమానించి, ఆ తప్పు యజమాని మీద పెట్టినందుకు, ఆయన పద్దెనిమిదేళ్లు దోసిలితో నీళ్లు తాగారు. మనవడు వేస్తాడో లేదో నాకు తెలియదు. వేయకపోతే ఇదైనా ఉంటుందని ఇంత రాశాను.

ఆ రోజు వచ్చేటప్పుడు సుశీల లోపలికెళ్లి నీళ్లు తెచ్చింది. ఎండకు నా నోరు ఎండిపోయి ఉంది. గ్లాసు చూశాను కానీ నాకు తెలియకుండానే నా చేతులు దగ్గరికొచ్చి దోసిలి అయ్యాయి. ఆమె పొయ్యలేదు.

"గ్లాసు పట్టుకోన్నా" అంది. "మా ఇంట్లో ఎవురితోనూ దోసిలి పట్టించము."

గ్లాసు పెదవికి ఆనించుకుని తాగాను. కుండనీళ్లు. ఆమె మొగం చూడలేదు, నా గొంతు చూస్తోంది. శెట్టిగారు నేర్పినట్టు గుటకకొక పేరు తలుచుకోబోయాను. దేవుడి పేరు రాలేదు. రెండు పేర్లే వచ్చాయి, ఓబులమ్మ, గురవయ్య, ఒకదాని తర్వాత ఒకటి. ఇప్పటికీ నీళ్లు తాగినప్పుడల్లా అవే వస్తాయి.