తలుపుల పండుగ

మొన్నామధ్య ఒక పెళ్లికి సిద్దిపేట వెళ్లాను. బస్టాండు నుంచి ఆటోలో వస్తూ ఫోనులో తమ్ముడితో మరాఠీ మాట్లాడి, ఆ వెంటనే తెలుగులో దారి చెబుతుంటే ఆటో అబ్బాయికి అనుమానం వచ్చి, మీదే ఊరమ్మా అని అడిగాడు. ఈ ఊరే, మేము యూదులం అన్నాను. అంటే క్రిస్టియన్లా అన్నాడు. కాదన్నాను. ముస్లింలా అన్నాడు. కాదన్నాను. కోమటి చెరువు కట్ట కనబడేదాకా ఆలోచించి, "సిద్దిపేటల గసుంటోళ్లు ఎన్నడు లేరమ్మా" అని తేల్చేశాడు. పుట్టి పెరిగి డిగ్రీ దాకా చదువుకున్న ఊళ్లో, నేను లేనని ఒకరు నాకే చెబుతుంటే కోపం రావాలి గానీ నవ్వొచ్చింది. పాపం, అతను పుట్టేనాటికి మేము నిజంగానే లేము.

మా పెద్దలది కొంకణ తీరం. అక్కడ నూనె గానుగలు ఆడించి బతికేవారట, శనివారం మా వాళ్లు పని ముట్టకూడదు కాబట్టి ఆ రోజు మాత్రం ఎద్దును విప్పేసేవారట. మా తాత మోటారు పని నేర్చి నిజాం కాలంలో ఇటువైపు వచ్చాడు. నాన్న, చిన్నాన్న ఇద్దరూ బస్సు డిపోలో మెకానిక్కులు. ఒకే గల్లీలో పక్కపక్క ఇళ్లు కిరాయికి తీసుకుని ఉండేవాళ్లం. సిద్దిపేట యూదు సమాజం అంటే ఆ రెండు ఇళ్లే, ఊయలలోని మా తమ్ముడితో సహా. అన్నదమ్ములు మాట్లాడుకోని రోజున సమాజం చీలిపోయిందని అమ్మ ఎగతాళి చేసేది. శుక్రవారం పొద్దుగూకగానే గాజు గ్లాసులో నూనె పోసి వత్తి వెలిగించడం, మాంసం వండిన రోజు పాలూ పెరుగూ దగ్గరికి రానివ్వకపోవడం, పొలుసులేని చేపను గడప తొక్కనివ్వకపోవడం, మా భక్తి అంతా వంటింటి చుట్టూనే తిరిగేది. మా ప్రార్థనల్లో కొన్నింటిని పదిమంది ఎదిగిన మగవాళ్లు ఉంటే తప్ప చదవకూడదు. తాత పోయాక రెండు ఇళ్లూ దులిపినా మాకు ఇద్దరే తేలేవారు. నాన్నమ్మకు ఉన్న దిగులల్లా అదొక్కటే. మొక్కులకు అటుకులు, బెల్లం, కొబ్బరి కలిపి మలీదా చేసేది. మేము పెద్దమ్మ అని పిలిచే మా ఇల్లుగలావిడ సద్దుల బతుకమ్మకు రొట్టె నలిపి చేసే మలీద వేరు. అసలైనది ఎవరిదని ఇద్దరూ ఏటా వాదించుకుని, ఏటా రెండు గిన్నెలూ మార్చుకునేవారు.

ఇక మా పెద్ద ఉపవాసం. ముందురోజు పొద్దుగూకకముందే తిని, తెల్లబట్టలు కట్టుకుని, తలుపులు మూసి గడియ పెట్టి, మర్నాడు ఆకాశంలో మూడు చుక్కలు కనబడేదాకా మంచినీళ్లు కూడా ముట్టకుండా, బయటివాళ్లతో మాట కూడా లేకుండా ఉండాలి. మా వాళ్లు మరాఠీలో దాన్ని తలుపు మూసే పండుగ అనే అంటారు. బొంబాయిలో అయితే అందరూ ప్రార్థన మందిరానికి పోతారు. మందిరం లేని ఊళ్లో నాన్నమ్మ పాత పద్ధతినే పట్టుకుంది. చిక్కేమిటంటే, అది చాలా ఏళ్లు దసరాకు అటో ఇటో, కొన్నిసార్లు సరిగ్గా దసరా నాడే పడేది. ఊరంతా కొత్తబట్టలతో బయటికి వచ్చి, పాలపిట్టను చూసి, జమ్మి ఆకు చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ చెప్పుకునే రోజున మేము గడియ పెట్టుకుని లోపల కూర్చునేవాళ్లం.

దీనికి గల్లీలో ఎవరూ ఏమీ అనుకోలేదు సరికదా, పెద్దమ్మ మా తలుపుకు కావలి కూడా కాసేది. పాలవాడు వస్తే, "ఇయ్యాల ఆళ్ల తలుపుల పండుగ, రేపు రా" అని తరిమేది. పిల్లలు గట్టిగా అరిస్తే గదిమేది. మేము చెప్పని నియమాలు కూడా ఆమే పెట్టింది. తలుపు కొట్టినవాళ్లకు పాపమనీ, రేడియో పెట్టకూడదనీ ఆమె చెబితే గల్లీ నమ్మింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, మా దేవుడికి సిద్దిపేటలో పూజారి ఆమె.

నేను ఇంటర్ చదువుతున్న ఏడాది ఉపవాసం దసరా నాడే వచ్చింది. గోడ అవతల ఉండే ముస్లిం కుటుంబపు పెద్దావిడను మేము ఖాలా అనేవాళ్లం. వాళ్లమ్మాయి తొలికాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. ఇంకా పదిహేను రోజుల వ్యవధి ఉందనుకున్నారు, ఆ మధ్యాహ్నమే నొప్పులు మొదలయ్యాయి. పండుగపూట ఆటోలు లేవు, డాక్టరమ్మ ఊరికి వెళ్లింది, మగవాళ్లంతా జమ్మిచెట్టు దగ్గరికి పోయారు. అయితే నాన్నమ్మ సర్కారు దవాఖానలో నర్సుగా చేసి దిగిపోయిన మనిషి, ఆ గల్లీలో సగంమంది పిల్లలు ఆమె చేతుల్లో పుట్టినవాళ్లే. తలుపు కొడితే చాలు. కానీ ఖాలా చెయ్యెత్తితే పెద్దమ్మ ఆ చెయ్యి పట్టుకుందట. చుక్క పొడిచేదాకా ఆగుదామని, అమ్మాయి దగ్గర గల్లీ ఆడవాళ్లను ఉంచి, ఇద్దరూ మా అరుగు మీద కూర్చున్నారట.

ఇవేవీ మాకు తెలియవు. నాన్న, చిన్నాన్న నీరసంగా ప్రార్థన చదువుతున్నారు, మేము చాపల మీద వాలి ఉన్నాం. నాన్నమ్మ ఉన్నట్టుండి చెయ్యెత్తి చదువు ఆపించింది. తలుపు అవతల ఎవరో నోట్లో కొంగు కుక్కుకుని ఏడుస్తున్నారు. ఎవరది అని అడిగితే ఆ ఏడుపు కూడా ఆగిపోయింది, మాతో మాట్లాడితే పాపం కదా. నాన్నమ్మ గోడ పట్టుకుని లేచింది. పడిపోతావని నాన్న భయపడుతుండగానే గడియ తీసింది. ఎదురుగా ఖాలా ముఖం చూడగానే ఆమెకు సంగతి అర్థమైంది.

"ఎప్పటిసంది?" అని అడిగింది.

"మధ్యాహ్నంసంది. నీ పండుగ చెడగొట్టొద్దని..." అంది ఖాలా.

"పానం కన్న పండుగ పెద్దదా? నా దేవునికి నేను చెప్పుకోనా?" అని పెద్దమ్మ వైపు చూసింది. నాన్నమ్మ అంతకంటే కటువుగా ఎవరితోనైనా మాట్లాడటం నేను వినలేదు.

ప్రాణం మీదికి వస్తే మా ధర్మంలో ఏ నియమమైనా పక్కకు జరుగుతుంది. అది ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. తెలియనిది గల్లీకే. ఏటేటా మా తలుపును అంత భద్రంగా కాపాడినవాళ్లకు ఆ ఒక్కమాట చెప్పాలని మాకెవరికీ తోచలేదు.

బిడ్డ మెడకు పేగు చుట్టుకుని ఉంది. నీలంగా పుట్టాడు, ఏడవలేదు. నాన్నమ్మ వాణ్ని తలకిందులుగా పట్టుకుని, నోరు తుడిచి, వీపు రుద్ది ఏమేం చేసిందో. కాస్త సేపటికి వాకిట్లో నిలబడ్డ మాకు సన్నగా ఏడుపు వినిపించింది. తల్లీబిడ్డా బతికారు. నాన్నమ్మ బయటికి వచ్చి గోడకు జారగిలబడిపోయింది. ఖాలా నీళ్లు తెస్తే పెదవులు బిగించి వద్దని తల ఊపింది. అవతలివాళ్ల ప్రాణానికి పండుగను పక్కన పెట్టిన మనిషి, తన దాహానికి మాత్రం పెట్టనంటుంది.

అప్పుడు పెద్దమ్మ, ఆ లావుపాటి మనిషి, నిచ్చెన వేసుకుని డాబా ఎక్కింది. జమ్మి తీసుకుని తిరిగొస్తున్న మగవాళ్లు ఏమైందని ఆగితే, చుక్కలు చూడమని వాళ్లనూ పురమాయించింది. గల్లీ మొత్తం తలలెత్తి నిలబడింది. ఒకటి కనబడింది, రెండు కనబడ్డాయి. మూడోదాని కోసం వాళ్లు పడ్డ ఆరాటం మేము కూడా ఎన్నడూ పడలేదు. చివరికి, "గదిగో, మూడోది, తాటిచెట్టు మీద" అని పైనుంచి మాట వచ్చింది. పెద్దమ్మ దిగివచ్చి తన చేత్తోనే నీళ్లు తాగించి, కొంగుతో నాన్నమ్మ మూతి తుడిచింది. క్షమాపణలేమీ చెప్పుకోలేదు. మరుసటి ఏడు నుంచి నాన్నమ్మ తలుపు దగ్గరికి వేసేది గానీ గడియ పెట్టేది కాదు. గడియ లేకుంటే అదేం తలుపుల పండుగని పెద్దమ్మ చాలా ఏళ్లు సణిగింది.

తొంభైల్లో చిన్నాన్న వాళ్లు ఇజ్రాయెల్ వెళ్లిపోయారు, నాన్న రిటైరయ్యాక మేము బొంబాయి పక్కనున్న ఠాణే చేరాము. ఇక్కడ మందిరం ఉంది, పదిమంది ఏమిటి, పండుగనాడు కూర్చోవడానికి జాగ దొరకదు. నాన్నమ్మ చూసి ఉంటే ఎంత సంతోషించేదో. ఈ ఏడు ఉపవాసం నాడు గోడ గడియారం చూసి వేళ అయిందని చెప్పారు, అందరూ లేచి చెప్పులు వెతుక్కున్నారు. అలవాటు కొద్దీ నేనొక్కదాన్ని బయట నిలబడి పైకి చూశాను. వీధి దీపాల వెలుగులో ఒక్క చుక్కే కనబడింది. మిగతా రెండూ చూసిపెట్టమని అడగడానికి ఈ వీధిలో నాకెవరూ తెలియదు.