రెండో వరసలో వెలిగిన చుక్క

డొరీన్ వాండర్‌వీన్ మిషిగన్‌లోని ఓ క్యాన్సర్ ల్యాబ్‌లో పంతొమ్మిదేళ్లుగా టెక్నీషియన్. క్యాన్సర్ కణాలను చితక్కొట్టి, వాటి ప్రొటీన్లను ద్రవంలోనే సన్నటి గొట్టం గుండా పంపి విడదీయడం ఆమె పని. విడివడ్డ ద్రవం పన్నెండేసి గుంటలున్న వరసల ప్లేటులోకి దిగుతుంది. ఒక్కో గుంటలోంచి రోబో సూది కాస్త ముంచుకుని గాజుపలక మీద ఆవగింజలో సగమైనా లేని చుక్క పెడుతుంది. పలక మీద రోగుల రక్తంలోంచి తీసిన సీరం పోస్తే, వాళ్ల ఒళ్లు శత్రువనుకున్న ప్రొటీన్ చుక్క మెరుస్తుంది.

మెరిసింది ఒక్కటే. ప్లేటులో రెండో వరస, ఎడమ నుంచి మూడో గుంటది. అంటే పదిహేనోది. ప్లేటులో సరుకు చుక్కలకే అయిపోవడంతో, పరిశోధకుడు బ్రైస్ అవే కణాల ద్రవాన్ని మళ్లీ విడదీసి నంబర్లేసిన ట్యూబుల్లో పట్టాడు. పదిహేనో ట్యూబు ఉంచుకుని, ఫ్రీజర్లో చోటు లేదని మిగతావి పారేశాడు. అందులో దొరికిన ప్రొటీన్‌ని ఏ రోగి సీరమూ పట్టించుకోలేదు. నాలుగు నెలలు గడిచాయి. శుక్రవారంలోగా తేలకపోతే ఈ పని మూసేద్దామంది ప్రొఫెసర్ హాల్వర్సన్.

"మీరు పలకలు సరిగ్గా కడగలేదేమో, డొరీన్," అన్నాడు బ్రైస్.

"నా మొగుడి చొక్కాలైనా ఇంత శ్రద్ధగా ఉతకలేదు నాయనా!"

ఆ మంట చల్లారక, గురువారం ఆమె సాండ్‌విచ్ చేత్తో పట్టుకుని, ప్లేటు నింపే యంత్రం ముందే కూర్చుంది. మొదటి వరస ఎడమ నుంచి కుడికి నిండింది. ఆ తర్వాత గొట్టం కొస మళ్లీ ఎడమ మొదటికి రాలేదు. అక్కడే కిందికి దిగి, అరక తిప్పినట్టు కుడి నుంచి ఎడమకి నింపుకుంటూ వచ్చింది. డొరీన్ వేళ్లు మడిచి లెక్కపెట్టింది.

"బ్రైస్, ఇలా రా. ఆ చుక్క పదిహేనోది కాదు. ఇరవై రెండోది."

బ్రైస్ చూశాడు. "ఇరవై రెండో ట్యూబు..."

"చెత్తబుట్టలో వేశావుగా. వద్దన్నానా, లేదా?"

"అన్నారు."

"ఆ మాట నాతో కాదు, ఆవిడతో చెప్పు. పలకల సంగతి కూడా."

అతను చెప్పాడు. హాల్వర్సన్ కళ్లద్దాలు తీసి కళ్లు నులుముకుంది. "మళ్లీ కణాలు పెంచడానికి ఎన్నాళ్లు?"

"ఆరు వారాలు," అంది డొరీన్.

"నాలుగిస్తాను."

"వాటిని తొందరపెట్టడం నాకు చేతకాదండీ."

హాల్వర్సన్ కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని, కేలెండర్‌లో శుక్రవారాన్ని కొట్టేసింది. డొరీన్ విసురుగా మందపు గ్లవ్స్ తొడుక్కుని, గడ్డకట్టించిన కణాలు దాచే నైట్రోజన్ పీపా మూత ఎత్తింది.