మా అవ్వ సంక దిగిన రోజు

నాకు ఊహ తెలిసేసరికే నావి దొడ్డికాళ్లు... రెండు మోకాళ్ల మధ్య నుంచి కోడిపిల్ల దూరిపోయేది.

సిద్దిపేటలో మా తాత ఇంటిని మా బాపు, ఆయన అన్న పెద్దబాపు పంచుకున్నారు. ముందువైపు వాకిలి, బర్రెల కొట్టం పెద్దబాపుకు. వెనకవైపు కిటికీ లేని అర్ర మాకు. ఆ అర్రలో నన్ను కన్న అవ్వ బీడీలు చుట్టేది. గాలి తగిలితే తడిపిన తునికాకు ఎండిపోతుందని తలుపు దగ్గరకు వేసేది. పొద్దంతా నేను ఆమె పక్కనే... ఆమె లేచిందంటే ఆమె సంకలో.

ఒకరోజు వాకిట్లో పదిమంది ముందు పెద్దబాపు భార్య, మా పెద్దమ్మ అందుకుంది.

"ఏందే లచ్చవ్వా, పొద్దుమాపు పోరన్ని సంకనేసుకుంటవు. గందుకే కాళ్లు గట్ల వంగినయ్. ఇగ వాడు నడిసినట్టే."

అవ్వ నన్ను దింపింది. మళ్లీ ఎత్తుకోలేదు.

ఏడ్చాను, కొంగు పట్టుకుని వేలాడాను... "నడువు బిడ్డా, నడిస్తెనే సక్కగైతయ్" అనేది.

అక్కడితో ఆగి ఉంటే నాకు ఇంత మంట ఉండేది కాదు. ఖాళీ అయిన ఆ సంకలోకి పెద్దమ్మ కొడుకు మల్లేశం ఎక్కాడు. నాకన్నా ఏడాది చిన్న. వాడి కాళ్లు చక్కగా ఉన్నాయి కాబట్టి ఎత్తుకున్నా భయం లేదట. అంగడికి పోతుంటే వాడు పైన, నేను కింద... పల్లికాయలు తింటూ పొట్టు నా నెత్తిన రాల్చేవాడు.

ముసలివాళ్లమయ్యాక కూడా వాడు మానలేదు. పొద్దున చెరువుకట్ట మీద నడుస్తూ, తొడ చరిచి మరీ చెప్పేవాడు. "మా చిన్నమ్మ సంకల పెరిగిన కాళ్లు గివి." నేను బెంచీ మీద కూర్చుని వినేవాణ్ని.

పోయిన నెల వాడు స్నానాల గదిలో జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. చూడటానికి దవాఖానకు పోయాను. వాడి భార్య నన్ను తలుపు దగ్గరే పట్టుకుంది.

"నీ దిష్టే తగిలింది బావా."

"నా దిష్టికి గంత బలముంటే యాభై ఏండ్ల కిందనే పడుతుండె" అన్నాను.

నేను వాడి మంచం పక్కన కూర్చున్నాక ఎముకల డాక్టరమ్మ వచ్చి, వయసు మీద పడి వాడి ఎముకలు గుల్లబారాయని చెప్పింది. తర్వాత నా కాళ్ల వంక చూసింది.

"తాతా, చిన్నప్పుడు రికెట్స్ ఉండెనా?"

"మా అవ్వ సంకనెత్తుకుంటే వంగినయంటరమ్మా. నిజమేనా?"

జవాబు నాకు తెలుసు. పుస్తకాల్లో ఎప్పుడో చదివాను. మల్లేశం వినాలనే అడిగాను.

"ఎత్తుకుంటే ఎందుకు వంగుతయ్? ఎండ తగల్లేదు, పాలు అందలేదు, ఎముక గట్టిపడలేదు. గా మెత్తటి ఎముకల మీద నడిచిన్రు... మీ బరువుకే ఇంకింత వంగినయ్."

ఆ చివరి మాటకు నేను సిద్ధంగా లేను.

ఎండా, పాలూ రెండూ ముందువైపు వాటాలోకే పోయాయి. నాకు మిగిలింది ఒక్క సంక... అది నా కాళ్లకు మేలు చేసేదే. దాన్ని కూడా ఒక్క మాటతో తీసేశారు.

మల్లేశం నెమ్మదిగా అడిగాడు. "అయితే చిన్నమ్మ తప్పేం లేదానే అన్నా?"

"లేదు. మీ అవ్వదే."

"సచ్చిపోయినామెను ఇప్పుడెందుకు అంటవే."

"మా అవ్వ గూడ సచ్చిపోయిందిరా. గా మాట మోసుకుంటనే పోయింది."

వాడు గోడవైపు తిరగబోయాడు. తుంటి తిరగనివ్వలేదు. నన్నే చూస్తూ పడుకోవాల్సి వచ్చింది.

ఇప్పటి తల్లులకు డాక్టర్లు ముందే చెబుతున్నారు, పసిపిల్లలకు ఎముకలు గట్టిపడే విటమిన్ డి చుక్కలు వేస్తున్నారు. ఆ పిల్లల కాళ్లు చూస్తే సంతోషమే... కుళ్లు కూడా.

మీ ఇళ్లలోనూ ఏదో ఒక పిల్లవాడి జబ్బును తల్లి మీద వేసే ఉంటారు. ఆ కథ ఇక్కడ రాయండి, చదువుతాను. కానీ ఆమె బతికి ఉంటే, ముందు పోయి తప్పు నీది కాదని ఆమెకు చెప్పి రండి... నాకు పోయి చెప్పే చోటు లేదు.